అద్దెకిచ్చే మొదటి ఇల్లు కొనడానికి డబ్బు ఎలా సర్దుకోవాలి: డౌన్ పేమెంట్ నుంచి రీఫైనాన్స్ దాకా స్టెప్ బై స్టెప్

మొదటిసారి అద్దెకివ్వడానికి ఇల్లు కొందామనుకునే వాళ్ళు ఎవరైనా ముందు అడిగేది "లోను ఎంత వస్తుంది" అనే. నేనూ అదే అడిగా. అడగాల్సింది అది కాదని తెలిసేసరికి ఒక ఇల్లు, పదకొండు నెలలు, బోలెడంత నిద్ర పోయాయి (ఆ కథ కింద చెప్తా). ఇల్లు ఖాళీగా ఉన్న నెలలో, రిపేరు మధ్యలో ఆగిపోయిన నెలలో, వడ్డీ పెరిగిన నెలలో కిస్తీ ఎక్కణ్ణుంచి కడతాం, అప్పిచ్చినవాడు వెనక్కి అడిగే టైముకి ఆ ఇంట్లోంచి డబ్బు బయటికి వచ్చేసి ఉంటుందా ఉండదా, ఇదీ అడగాల్సింది. డబ్బు గడువు, పని గడువు కుదరాలి అన్నమాట. మిగతాదంతా లెక్కలే.

ఆ లెక్కలన్నీ ఒకే ఇంటి మీద చేస్తా. ధర 1,25,000. ఏ కరెన్సీ అని అడక్కండి, మీకు ఏది నడిస్తే అది, సున్నాలు మీరు కలుపుకోండి, నిష్పత్తులు మారవు. డౌన్ పేమెంట్ 20 శాతం అంటే 25,000, లోను 1,00,000, వడ్డీ 8 శాతం, 20 ఏళ్ళు. రేట్లు, రూల్స్ దేశాన్ని బట్టి మారతాయి కాబట్టి మీ అంకెలు పెట్టి ఇదే లెక్క మళ్ళీ చేసుకోండి.

స్టెప్ 1: చేతిలో నిజంగా ఎంతుందో లెక్కేయండి

డౌన్ పేమెంట్ 25,000 ఉంటే ఇల్లు వచ్చేస్తుంది అనుకుంటారు చాలామంది. రాదు. రిజిస్ట్రేషన్, పన్నులు, లాయరు, లోను ప్రాసెసింగ్, వాల్యుయేషన్ ఫీజు, ఇవన్నీ కలిపి 6 శాతం అనుకుంటే 7,500. అద్దెకి ఇచ్చే ముందు రంగులు, ప్లంబింగ్, పాడైన తలుపులు, ఇంకో 2,500. అప్పుడే 35,000 అయింది. దీని పైన ఆరు నెలల కిస్తీలకి సరిపడా రిజర్వు 5,000 పక్కన పెట్టాలి, అది ముట్టుకోకూడదు. మొత్తం 40,000. అంటే ధరలో 32 శాతం చేతిలో ఉండాలి, 20 కాదు.

దీన్నే తిరగేసి చూడండి: మీ దగ్గర 25,000 మాత్రమే ఉంటే మీరు చూడాల్సిన ఇల్లు 78,000 చుట్టుపక్కలది, 1,25,000ది కాదు. వినడానికి చేదుగా ఉంటుంది, తెలుసు.

డౌన్ పేమెంట్ కోసం పర్సనల్ లోనో క్రెడిట్ కార్డో వాడేద్దామనే ఆలోచన వస్తే అక్కడే ఆపేయండి, ఆ వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ, పైగా ఆ కిస్తీ కూడా మీ ఫైల్లో కనబడి అసలు లోనుకే ఎసరు పెడుతుంది.

స్టెప్ 2: బ్యాంకు చూసే ముందు మీ ఫైలు మీరే చూసుకోండి

క్రెడిట్ రిపోర్టు తెప్పించుకుని మొదటి నుంచి చివరి దాకా చదవండి. ఎప్పుడో కట్టేసిన లోను ఇంకా ఓపెన్‌లో ఉన్నట్టు కనబడటం, మీది కాని కార్డు మీ పేరు మీద ఉండటం లాంటివి ఉంటాయి, సరిచేయించడానికి వారాలు పడుతుంది కాబట్టి ఇల్లు వెతకడం మొదలుపెట్టక ముందే ఈ పని. అప్లై చేసే ముందు కొన్ని నెలలు కొత్త కార్డులు, కొత్త ఈఎంఐలు పెట్టుకోవద్దు. అకౌంట్లోకి సడెన్‌గా పెద్ద మొత్తం వస్తే అదెక్కడిదో అడుగుతారు, కాగితం ఉంచుకోండి. సొంత వ్యాపారం చేసేవాళ్ళకి ఇంకో తలనొప్పి, పన్ను తగ్గించుకోవడానికి ఆదాయం తక్కువ చూపిస్తే లోను కూడా ఆ తక్కువకే వస్తుంది, రెండూ కావాలంటే కుదరదు.

తర్వాత వాళ్ళు చూసేది మీ నెల ఆదాయంలో కిస్తీలన్నీ కలిపి ఎంత శాతం అని. చాలా చోట్ల 40 నుంచి 50 శాతం మధ్య ఎక్కడో గీత గీస్తారు. 45 అనుకుందాం. మీ ఆదాయం 2,500 అయితే మొత్తం కిస్తీలకి 1,125 దాకా ఓకే. కారు కిస్తీ 300 ఉంది, మిగిలేది 825. మన ఇంటి కిస్తీ 836. పదకొండు తక్కువ! ఈ పదకొండు కోసం ఫైలు వెనక్కి వస్తుంది లేదా లోను తగ్గించి ఇస్తారు. ఇలాంటప్పుడు చేతిలో ఉన్న డబ్బుతో డౌన్ పేమెంట్ పెంచడం కన్నా కారు లోను క్లోజ్ చేసేయడమే మేలు అవ్వొచ్చు, రెండు రకాలుగానూ లెక్కేసి చూడండి. ఇంట్లో ఇంకొకరి ఆదాయం కలిపి జాయింట్‌గా అప్లై చేయొచ్చు, కానీ ఆ సంతకం పెట్టినవాళ్ళు కూడా మొత్తం అప్పుకి బాధ్యులే, సగానికి కాదు. రాబోయే అద్దెని ఆదాయంగా చూపిద్దామంటే కొందరు అసలు లెక్కేయరు, లెక్కేసేవాళ్ళు కూడా కొంత కోసి మిగతాదే తీసుకుంటారు.

స్టెప్ 3: ఇల్లు తన కిస్తీ తనే కట్టుకోగలదా?

ఇక్కడే ఎక్కువ సేపు కూర్చోవాలి, ఎందుకంటే ఇది సరిగ్గా చేస్తే తర్వాతి స్టెప్పుల్లో సగం నిర్ణయాలు వాటంతటవే అయిపోతాయి.

నెల అద్దె 1,000 అనుకోండి. ఏడాదికి 12,000 అని రాసుకోకండి. ఒక నెల ఖాళీ పోతుంది, 11,000. ఆస్తి పన్ను, ఇన్సూరెన్స్, రిపేర్లు, చూసుకునే మనిషికి ఇచ్చేది, అన్నీ కలిపి 3,000. మిగిలింది 8,000. ఏడాది కిస్తీలు 836 చొప్పున 10,037. అంటే మీరే జేబులోంచి ఏడాదికి 2,000 పైగా ఎదురు పెట్టాలి. "ధర పెరుగుతుందిలే" అని కొనేవాళ్ళు ఇలాంటివే కొంటారు, పెరిగితే పెరగొచ్చు, కానీ పెరిగే దాకా నెలనెలా కట్టేది మీరు.

అదే ఇంటికి 1,400 అద్దె వస్తే? పదకొండు నెలలకి 15,400, ఖర్చులు 3,400, మిగిలేది 12,000. ధరతో భాగిస్తే 9.6 శాతం, దీన్నే క్యాప్ రేట్ అంటారు. వడ్డీ 8, ఇల్లు ఇచ్చేది 9.6, లాభమే కదా అనిపిస్తుంది. ఆగండి. కిస్తీలో అసలు కూడా ఉంది కాబట్టి 1,00,000 మీద మీరు ఏడాదికి కట్టేది 8,000 కాదు, 10,037, అంటే 10 శాతం పైమాటే. కిస్తీలు పోగా చేతికి 1,963. మీరు పెట్టిన 35,000 మీద అది 5.6 శాతం. అసలు తీరుతూ ఉంటుంది నిజమే, కానీ అది ఇల్లు అమ్మిన రోజో రీఫైనాన్స్ చేసిన రోజో (అంటే కొత్త లోను తీసుకుని పాతది తీర్చేసిన రోజో) చేతికొచ్చే డబ్బు, ఈ నెల పైపు పగిలితే పనికిరాదు.

ఇంకో లెక్క, డీఎస్‌సీఆర్, అంటే ఇంటి ఆదాయం దాని కిస్తీలకి ఎన్ని రెట్లు ఉందో చూడటం. ఖర్చులు పోగా మిగిలిన 12,000ని ఏడాది కిస్తీలు 10,037తో భాగిస్తే 1.2కి కాస్త తక్కువ. అద్దె ఇళ్ళకి, కమర్షియల్‌కి లోను ఇచ్చేవాళ్ళలో చాలామంది 1.2 లేదా 1.25 అడుగుతారు. 1.25 కావాలన్నారనుకోండి, ఏడాది కిస్తీలు 9,600 దాటకూడదు, అంటే లోను 95,600కి దిగుతుంది, తేడా 4,400 మీ జేబులోంచి. ఈ మాట రిజిస్ట్రేషన్ వారం ముందు తెలిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి! బ్యాంకువాళ్ళు చెప్పేదాకా ఆగకుండా ఇంట్లోనే భాగించుకోండి, రెండు నిమిషాల పని.

లోను వల్ల లాభం పెరుగుతుంది అని అందరూ చెప్తారు, నష్టం కూడా అంతే పెరుగుతుందని మాత్రం గొంతు తగ్గించి చెప్తారు. ధర 10 శాతం పడితే 12,500 పోయింది, కానీ అది మీ 25,000లో సగం.

స్టెప్ 4: ఎవరి డబ్బు?

బ్యాంకు లోను అందరికీ తెలిసిందే, ఎక్కువ కాలం, తక్కువ వడ్డీ, మొదటి ఇంటికి ఇదే సరైనది అని నా అభిప్రాయం. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, సొంతంగా ఉండే ఇంటికి, అద్దెకిచ్చే ఇంటికి రేట్లు, డౌన్ పేమెంట్ వేరు, అద్దె ఇంటికి రెండూ కాస్త ఎక్కువే. "మేమే ఉంటాం" అని రాసి అద్దెకి ఇచ్చేద్దాం అనే తెలివితేటలు వద్దు, అది అప్లికేషన్‌లో అబద్ధం చెప్పడమే, బయటపడితే లోను మొత్తం ఒకేసారి కట్టమనే హక్కు వాళ్ళకి ఉంటుంది, కొన్ని దేశాల్లో నేరం కూడా.

నిజంగానే ఉండటం మాత్రం మంచి దారి. రెండు మూడు పోర్షన్లున్న ఇల్లు కొని ఒకదాంట్లో మీరు ఉండి మిగతావి అద్దెకిస్తే సొంతింటి రేటుకి లోను వచ్చే అవకాశం ఉంటుంది, మీరు కట్టే అద్దె మిగులుతుంది, పై పోర్షన్లో నీళ్ళు కారుతుంటే ముందు మీకే తెలుస్తుంది. అద్దెకున్నవాళ్ళు రాత్రి పదింటికి తలుపు కొడతారు, అదొక్కటే.

అమ్మేవాళ్ళే వాయిదాల్లో తీసుకోవడం ఇంకో పద్ధతి. ఇల్లు అప్పులేకుండా ఉండి, అమ్మేవాళ్ళకి ఒకేసారి డబ్బు అవసరం లేకపోతే, బ్యాంకులో పెట్టుకుంటే వచ్చే దానికన్నా మీరిచ్చే వడ్డీ ఎక్కువైతే ఒప్పుకుంటారు. నోటిమాట మీద మాత్రం నడపొద్దు. టైటిల్ ఎప్పుడు మీ పేరుకి మారుతుంది, ఒక కిస్తీ లేటైతే ఏంటి, ముందే తీర్చేస్తే ఏంటి, అన్నీ రాసుకుని రిజిస్టర్ చేయించుకోండి. ఆ ఇంటి మీద ఆల్రెడీ లోను ఉంటే ఇంకా జాగ్రత్త, ఇల్లు చేతులు మారితే మొత్తం వెంటనే కట్టాలి అనే షరతు చాలా లోన్లలో ఉంటుంది, మీరు ఆయనకి నెలనెలా కడుతూనే ఉంటారు, ఆయన బ్యాంకుకి కడుతున్నాడో లేదో మీకు తెలీదు, ఒకరోజు గోడ మీద నోటీసు కనబడుతుంది.

ఉన్న ఇంటిని తాకట్టు పెట్టి కొత్త ఇంటికి డౌన్ పేమెంట్ తెచ్చుకోవడం: కుదురుతుంది, రేటు కూడా మరీ ఎక్కువేం కాదు. కానీ కొత్త ఇల్లు దెబ్బతింటే మీ పిల్లలు పడుకునే ఇల్లు కూడా ముడిపడి ఉంటుంది. మొదటి డీల్‌కి నేనైతే వద్దనే అంటా.

పార్ట్‌నర్. ఒకరి దగ్గర డబ్బు, ఒకరి దగ్గర టైము, బాగానే ఉంటుంది వినడానికి. గొడవలు లాభం పంచుకునే దగ్గర కన్నా ఎక్కువగా అనుకోని ఖర్చు దగ్గర వస్తాయి. డ్రైనేజీ మొత్తం తవ్వాలి, 4,000 కావాలి, ఒకరి దగ్గర లేదు, అప్పుడేంటి? మిగతా అతను వేస్తే అది అప్పా, వాటా పెరుగుతుందా? మూడేళ్ళకి ఒకరికి డబ్బు అవసరమై బయటికి పోతానంటే అతని వాటా విలువ ఎంతో ఎవరు తేలుస్తారు? లోను మీద ఎవరి సంతకం ఉంటుంది? ఇద్దరూ సంతకం పెడితే, పైన చెప్పానుగా, ఒక్కొక్కరూ మొత్తానికి బాధ్యులే. స్నేహితుడే కదా అని ఇవి రాసుకోకపోతే స్నేహితుడూ ఉండడు.

బంధువుల దగ్గర తీసుకుంటే వడ్డీ ఎంత, ఎప్పుడిస్తారు ఒక పేజీ రాసి సంతకాలు పెట్టుకోండి, మొహమాటం ఆ ఒక్క రోజే. అసలు డౌన్ పేమెంటే లేనివాళ్ళు, ఇప్పట్లో అంత కూడబెట్టలేనివాళ్ళు రీట్ (చాలామంది డబ్బుతో అద్దె ఆస్తులు కొని నడిపే సంస్థ) యూనిట్లు చూడొచ్చు, అమెరికాలో 1960 చట్టంతో మొదలైన ఈ పద్ధతి ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది, షేర్లలాగే కొద్దికొద్దిగా కొనుక్కోవచ్చు, లోను గొడవ మీకు ఉండదు (వాళ్ళకి ఉంటుంది, యూనిట్ ధర పడొచ్చు కూడా).

ఇక బ్రిడ్జ్ లోను, కొన్నిచోట్ల హార్డ్ మనీ అంటారు. పాడైన ఇల్లు కొని బాగుచేసి అమ్మడానికో రీఫైనాన్స్ చేయడానికో తీసుకునే షార్ట్ టర్మ్ అప్పు. త్వరగా ఇస్తారు, మీ జీతం కన్నా ఇంటి విలువే చూస్తారు, వడ్డీ మాత్రం బాగా ఎక్కువ. నా పదకొండు నెలల కథ ఇదే. మీకు అర్థమయ్యేలా 1,00,000 మీద చెప్తా: నెలకి 1 శాతం వడ్డీ అంటే 1,000, ముందే 2 శాతం ఫీజు 2,000. ఆరు నెలల్లో అయిపోతుంది, ఖర్చు 8,000, అని నోట్‌బుక్‌లో నీట్‌గా రాసుకున్నా. మూడో నెలలో వంటగది పైకప్పు రంగు గీకితే లోపల కడ్డీలు తుప్పు పట్టి చేతికి పొడి పొడిగా ఊడొచ్చాయి. స్లాబులో ఆ ముక్క కొట్టి మళ్ళీ వేయాలి, దానికి పర్మిషన్ కావాలి, పర్మిషన్ వచ్చేసరికి మేస్త్రీ ఇంకో పనికి వెళ్ళిపోయాడు. పదకొండు నెలలు. వడ్డీ 11,000, ఫీజు 2,000, గడువు పొడిగించినందుకు మరో 1,000, మొత్తం 14,000, స్లాబు ఖర్చు కాకుండా. వడ్డీ ఎక్కువని ముందే తెలుసు, దాంతో గొడవ లేదు. ఆరు నెలల డబ్బుతో పదకొండు నెలల పని చేశా, అదీ తప్పు. అప్పట్నుంచి రిపేరు గడువు ఎంత చెప్తే దానికి రెట్టింపు రాసుకుంటా, అప్పటికీ లెక్క కుదిరితేనే ముందుకెళ్తా.

స్టెప్ 5: లోను కాగితాల్లో ఈ లైన్లు వెతకండి

వడ్డీ ఫిక్స్‌డా ఫ్లోటింగా? ఫిక్స్‌డ్ అని రాసి ఉన్నా ఎన్నేళ్ళు ఫిక్స్‌డో చూడండి, చాలావాటిలో మొదటి కొన్నేళ్ళే, తర్వాత మారుతుంది. 2008 సంక్షోభానికి ముందు అమెరికాలో 2/28 అనే లోన్లు విపరీతంగా అమ్మారు, మొదటి రెండేళ్ళు తక్కువ రేటు, మిగతా 28 ఏళ్ళు మార్కెట్ బట్టి, రెండేళ్ళు కాగానే రీఫైనాన్స్ చేసుకోవచ్చులే అని జనం తీసుకున్నారు, ధరలు పడేసరికి రీఫైనాన్స్ ఇచ్చేవాడు లేడు.

బెలూన్ ఉందా? అంటే కిస్తీ 20 ఏళ్ళ లెక్కన చిన్నగా కడతారు కానీ 5 ఏళ్ళకి మిగిలిందంతా ఒకేసారి కట్టాలి. మన లోన్లో ఐదేళ్ళలో మీరు కట్టేది 50,000 పైన. అప్పటికి ఇంకా బాకీ ఎంతుంటుందనుకున్నారు? 87,500. మొదట్లో కిస్తీలో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది, మొదటి నెల 836లో 667 వడ్డీ, 170 కూడా అసలుకి పోదు. 1930లకి ముందు అమెరికాలో ఇంటి లోన్లు చాలావరకు ఇలాగే ఉండేవి, కొన్నేళ్ళకే మొత్తం కట్టేయాలి లేదా మళ్ళీ కొత్త లోను, మాంద్యంలో బ్యాంకులు కొత్తది ఇవ్వకపోయేసరికి ఇళ్ళు పోయాయి. బెలూన్ తీసుకుంటే ఐదో ఏడు ఆ 87,500 ఎక్కణ్ణుంచి వస్తుందో ఈరోజే కాగితం మీద రాయండి.

ముందే తీర్చేస్తే జరిమానా ఉందా? ఇది చిన్న విషయంలా కనబడుతుంది కానీ నెలకి ఇంకో 100 కలిపి కడితే ఇదే 20 ఏళ్ళ లోను 15 ఏళ్ళ 8 నెలలకే తీరిపోతుంది, ఆ దారి మూసుకుపోకూడదు. కాలం 30 ఏళ్ళకి పెంచితే కిస్తీ 734కి దిగుతుంది, మొత్తం కట్టేది మాత్రం 2,00,700 నుంచి 2,64,000కి పోతుంది. నాకైతే జరిమానా లేకపోతే పొడుగు లోనే ఇష్టం, మంచి నెలల్లో ఎక్కువ కడతా, ఖాళీ నెలల్లో చిన్న కిస్తీ ఊపిరి పీల్చుకోనిస్తుంది.

చివరిగా, కట్టలేకపోతే ఇంటితో సరిపెట్టుకుంటారా, మీ మిగతా ఆస్తుల మీదకి కూడా వస్తారా? కంపెనీ పేరు మీద కొన్నా పర్సనల్ గ్యారంటీ సంతకం పెట్టించుకుంటే కంపెనీ అడ్డం ఉన్నా లేనట్టే.

స్టెప్ 6: రీఫైనాన్స్ మీద ఆశ పెట్టుకుంటే

కొను, బాగుచెయ్, అద్దెకివ్వు, రీఫైనాన్స్ చేసి డబ్బు వెనక్కి తీసుకో, మళ్ళీ కొను, ఈ చక్రం గురించి వినే ఉంటారు. 80,000కి కొని 20,000 పెట్టి బాగుచేశారు. కొత్త వాల్యుయేషన్ 1,25,000 వస్తే 75 శాతం అంటే 93,750 లోను, మీ డబ్బు 6,250 మాత్రమే లోపల ఇరుక్కుంది, సూపర్. వాల్యుయేషన్ 1,10,000 అంటే? లోను 82,500, ఇరుక్కున్నది 17,500. ఆ వాల్యుయర్ మీ పెయింటు కాదు, పక్క ఇళ్ళు ఎంతకి అమ్ముడయ్యాయో చూస్తాడు. పైగా కొన్న కొత్తలోనే రీఫైనాన్స్ చేయనివ్వకుండా కొన్ని నెలలు ఆగమనే రూల్ చాలామందికి ఉంటుంది, ఆ నెలలు కూడా బ్రిడ్జ్ వడ్డీ తిరుగుతూనే ఉంటుంది. ముందు ఆ రూల్ కనుక్కుని తర్వాత బ్రిడ్జ్ తీసుకోండి, వరస తప్పితే చాలా ఖరీదు.

స్టెప్ 7: సంతకం ముందు రోజు రాత్రి

1,400 అద్దె ఇంటిని మళ్ళీ తీసుకోండి, మంచి ఏడాదిలో 1,963 మిగిలింది కదా. వడ్డీ 10కి పెరిగితే కిస్తీ 965, ఏడాదికి మిగిలేది 420. వడ్డీ అలాగే ఉండి మూడు నెలలు ఖాళీ పడితే 837 లోటు. రెండూ ఒకే ఏడాది వస్తే 2,380 లోటు. మీ రిజర్వు 5,000, అంటే ఇలాంటి చెడ్డ సంవత్సరాలు రెండు మోస్తుంది, మూడోది మోయదు. ఇప్పుడు ఇదే లెక్క 1,15,000 ధర మీద చేయండి: లోను 92,000, కిస్తీ 770, అదే చెడ్డ ఏడాదిలో లోటు 1,454. ఇక్కడ రిజర్వు దాదాపు అంతే కానీ మూడేళ్ళు వస్తుంది. రేపు పొద్దున అమ్మేవాళ్ళకి చెప్పాల్సిన రేటు అది, వాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి.